గుడ్డ ఉయ్యాలలో పడుకోవచ్చునా?

ఎండలు ముదిరితే ఆరుబయట పడకలు మొదలవుతాయి. చెట్లకు కట్టుకునే తేలికపాటి గుడ్డ ఉయ్యాల గురించి కడప జిల్లా నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. ముగ్గురి అవసరాలూ వేరు, ముగ్గురికీ జవాబులూ వేరు.

ప్రశ్న: కుటుంబంతో గండికోట వెళ్ళి, పెన్నానది లోయ చూసి, రాత్రికి గుడారం వేసుకోవాలని వుంది. హామక్ అనే ఉయ్యాల కూడా కొనమని స్నేహితులు అంటున్నారు. ఎటువంటిది కొనాలి? పడిపోతామేమోనని భయం.
– ఒక బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: పడటం, పడకపోవడం చాలావరకు కట్టే తీరులో వుంది. పారాచూట్ గుడ్డ పేరుతో అమ్మే నైలాను ఉయ్యాల అరకిలోకు అటూయిటుగా తూగుతుంది. పొడవు 10 అడుగులకు తగ్గకుండా చూసుకోండి. పొట్టి ఉయ్యాలలో మనిషి కొడవలిలా వంగిపోతాడు. ఎంత బరువు మోస్తుందో చీటీ మీద వుంటుంది. అది మీ బరువుకు రెట్టింపు అయినా వుండాలి. తాళంచెవులకు వేసే కొక్కేలు పనికిరావు, బరువుకు చేసినవే కావాలి. చెట్టుకు చుట్టే పట్టీ అంగుళం వెడల్పుకు తగ్గరాదు. సన్నతాడు జారుతుంది, బెరడునూ కోస్తుంది.

చెట్ల మధ్య దూరం 12 నుంచి 15 అడుగులు చాలు. చాలామంది నవారు బిగించినట్లు ఉయ్యాలను కూడా బిగించి కడతారు. అక్కడే ప్రమాదం. 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు పట్టీలు 30 డిగ్రీల వాలులో వుంటే ఒక్కొక్క పట్టీ మీద 70 కిలోల లాగుడు పడుతుంది. బిగించి 10 డిగ్రీలకు తెస్తే అదే లాగుడు 200 కిలోలవుతుంది. కాబట్టి వదులుగా, నవ్వే నోరులా వంగివుండేటట్లు కట్టండి. మీరు కూర్చున్నాక నేలకు అడుగున్నర ఎత్తు మించకూడదు. కింద రాళ్ళు ఏరివేయండి. ముందు చేతులతో బలంగా నొక్కి చూసి, తరువాత కూర్చుని, ఆ తరువాతే కాళ్ళు పైకి తీసుకోండి.

వేప, చింత వంటి గట్టి చెట్లు మేలు. కాండం అడ్డుకొలత 8 అంగుళాలైనా వుండాలి. మునగ పెళుసు, వద్దు. ఎండుకొమ్మ కింద కట్టవద్దు. ఇటుక స్తంభానికి, పిట్టగోడకు అసలే కట్టవద్దు. అవి పైబరువును మోస్తాయి గాని పక్కకు లాగితే ఆగవు. స్తంభం మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు వున్నాయి. గండికోటలోని రాతిస్తంభాలు, గోడలు రక్షిత కట్టడాలు, వాటి జోలికి పోవద్దు. లోయ అంచుకు దూరంగా పడుకోండి. నిద్రమత్తులో లేచిన మనిషికి దిక్కు తెలియదు.

ప్రశ్న: మా పాపకు ఐదో నెల. ఇంట్లో చీర ఉయ్యాలలో వేస్తాను. కొత్తగా కొన్న ఉయ్యాలలో పాపను గుండెల మీద వేసుకుని పడుకోవచ్చునా? ఆరేళ్ళ మా బాబు కూడా అందులోనే ఆడుతుంటాడు.
– ఒక గృహిణి, జమ్మలమడుగు

జవాబు: వద్దమ్మా. మీకు కునుకు పడితే పాప జారి మీకూ గుడ్డకూ మధ్య ఇరుక్కుంటుంది. మెత్తని గుడ్డ ముక్కును మూసేస్తుంది. పసిబిడ్డ మెడకు తల నిలిపే బలం చాలదు. గుడ్డ వంపులో గడ్డం రొమ్ముకు ఆనితే శ్వాసనాళం నొక్కుకుంటుంది, ఏడవను కూడా లేదు.

చీర ఉయ్యాలలో తరతరాలుగా పిల్లలు పెరిగారు, నిజమే. మీ కళ్ళెదుట ఊపి జోకొట్టండి. నిద్ర పట్టగానే తీసి, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండ్లు, బొంతలు పక్కన వుంచకండి. ఏడాది నిండేవరకు ఈ నియమం తప్పవద్దు.

ఇక బాబు సంగతి. 1996లో అమెరికాలో చివరల కర్రలు లేని చిన్న వల ఉయ్యాలలను సుమారు 30 లక్షలు వెనక్కు రప్పించారు. ఎక్కుతూ, దిగుతూ మెలిపడి, వల మెడకు చుట్టుకుని 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 12 మంది మరణించడమే కారణం. పెద్దలు దగ్గర లేనప్పుడు ఉయ్యాలను విప్పి లోపల పెట్టండి. రెండు నిమిషాల పని.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. చీనీతోట కాపలాకు రాత్రిళ్ళు నేలమీదే పడుకుంటాను. పాముల భయం వుంది. నడుమునొప్పి కూడా. బెంగుళూరులో వున్న మా అబ్బాయి ఈ ఉయ్యాల పంపాడు. వాడవచ్చునా?
– ఒక రైతు, పులివెందుల

జవాబు: నేలమీద పడక మాత్రం ఈ రోజే మానండి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, పక్కలోకి చేరుతుంది. దాని కాటుకు నొప్పి, వాపు అంతగా వుండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తే కాటు గుర్తులేకపోయినా అనుమానించాలి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం కోసం పోవడం వద్దు. 108కి ఫోను చేయించి పెద్దాసుపత్రికి చేరండి. విరుగుడు మందు, అవసరమైతే శ్వాస యంత్రం, ఈ రెండే ప్రాణం నిలుపుతాయి.

నేలకు ఎత్తున పడుకోవడం, దోమతెర అంచులు పక్క కిందికి మడవడం మంచి రక్షణ. ఇందుకు నులకమంచమైనా సరే. ఉయ్యాల వాడితే చుట్టూ మూసే తెర వుండాలి. పలుచని గుడ్డ గుండా దోమ కిందినుంచి కూడా కుడుతుంది. గుడ్డ అంచు నేలను తాకరాదు. దిగేముందు టార్చి వేయండి, చెప్పులు దులపండి, తేళ్ళు వాటిలో చేరతాయి. చీనీ చెట్టు పొట్టిది, దానికి కట్టవద్దు. గట్టుమీద వేపలుంటే చూడండి.

నడుము సంగతి: ఉయ్యాలలో నిలువుగా కాక ఐమూలగా పడుకోండి, వెన్ను చాలావరకు చదునవుతుంది. 2011లో జెనీవాలో 12 మంది పురుషుల మీద జరిపిన పరీక్షలో మెల్లగా ఊగే పడక మీద కునుకు త్వరగా పట్టింది. అది నిద్రను గురించిన మాట, నడుమునొప్పికి మందు కాదు. ముందు మధ్యాహ్నం గంటసేపు పడుకుని చూడండి. మరునాడు పొద్దున నొప్పి పెరిగితే మంచానికే రండి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం బిగిసినా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోండి. ఉయ్యాల బాగుందని ఆ పరీక్ష వాయిదా వేయకండి.