ఎలాగూ దించాం గదా!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గేరుబాక్సుతో పనేమిటని మీరడగవచ్చు. పని పడింది. పడటమే కాదు, 31,000 రూపాయలు పోసి ఆ విద్య నేర్చుకున్నాను. ఇంత ఖరీదైన చదువును నాలోనే దాచుకోవడం న్యాయం కాదు. అంచేత మీకూ చెబుతున్నాను.

మా అమ్మ అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉంటుంది. మా కాపురం బెజవాడలో. అమ్మది జబ్బు గుండె. కబురొస్తే ఏ వేళనయినా కరకట్ట మీద వెళ్ళి తీసుకురావాలి. మా కారు పాతదే గాని, ఆ పనికి అదే దిక్కు.

కిందటేడు ఆ కారు రెండో గేరు వెయ్యబోతే కర్రుమని పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. ఆటోనగరులో మేస్త్రికి చూపించాను. సింక్రో రింగు అరిగిందన్నాడు. వేరు వేరు వేగాలతో తిరిగే రెండింటిని కలపబోతే ఘర్షణ తప్పదు. కలిసే ముందు రెండింటినీ ఒక వేగానికి తెచ్చే ఇత్తడి కంకణమే ఈ రింగు. ఈ ఏర్పాటును మొదట కార్లలో పెట్టింది అమెరికాలో కాడిలాక్ వారు, 1928లో. అంతకు ముందు గేరు మార్చడానికి డ్రైవరు క్లచ్చి రెండుసార్లు తొక్కవలసి వచ్చేది. పెళ్ళికి ముందు ఇరుపక్షాలనూ ఒక మాట మీదికి తెచ్చే పెద్దమనిషి లాంటిదన్నమాట.

“ఎలాగూ దించాం గదా మాస్టారూ, బేరింగులూ ఆయిలు సీళ్ళూ కూడా మార్పించండి. ఇంకో 6,500 అవుతుంది” అన్నాడు మేస్త్రి.

ఆ నెలలో అమ్మాయి హాస్టలుకు డబ్బు కట్టాలి. పైగా బాగున్నదాన్ని మార్చమనేవాడి మీద మనకు అనుమానం సహజం. “పాడయింది మార్చు, చాలు” అన్నాను. బిల్లు 11,000 అయింది. అందులో సగం దించి ఎక్కించిన కూలి. మేస్త్రి మాయలో పడలేదని ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పద్నాలుగు నెలలు గడిచాయి. కారు నిలబెట్టి న్యూట్రలులో ఉంచితే ఊఁ అని ఒక మూలుగు. క్లచ్చి తొక్కితే ఆగుతుంది, వదిలితే మళ్ళీ మొదలు. దాని అర్థం తర్వాత తెలిసింది. క్లచ్చి వదిలి ఉంచితే, న్యూట్రలులో ఉన్నా ఇంజను గేరుబాక్సులో మొదటి షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది. దాన్ని మోసే బేరింగు అరిగితే పాట పాడుతుంది. క్లచ్చి తొక్కితే షాఫ్టు ఆగుతుంది, పాటా ఆగుతుంది. అలా కాక తొక్కినప్పుడే చప్పుడు వస్తే దోషం సాధారణంగా క్లచ్చి బేరింగుది. ఇవేవీ తెలియని నేను ఏం చేశాననుకున్నారు? రేడియో గొంతు పెంచాను.

ఒక రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టుకుని కరకట్ట మీద వస్తున్నాం. ముందు ఇసుక లారీ. దాన్ని దాటబోతుండగా మూడో గేరు దానంతటదే ఊడి వచ్చేసింది. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. “ఏమయిందిరా?” అంది అమ్మ. “ఏమీ లేదమ్మా” అన్నాను. ఆస్పత్రి దాకా ఎడమచేత్తో గేరుకర్రను బిగబట్టుకునే నడిపాను. అమ్మ కోలుకుంది. నా చెయ్యి మాత్రం రెండు రోజులు వణికింది.

మూడోనాడు మేస్త్రి దగ్గరికెళ్ళి, “మొత్తం ఓవర్‌హాలింగు చేసెయ్యి, అన్నీ కొత్తవి వెయ్యి” అన్నాను. 34,000 అవుతుందన్నాడు. సరేనన్నాను. అతను నవ్వాడు.

“అప్పుడు ఒక్కటీ వద్దన్నారు. ఇప్పుడు అన్నీ కావాలంటున్నారు. రెండూ భయమే మాస్టారూ. ముందు విప్పి చూడనివ్వండి.”

నా ఎదుటే ఆయిలు పళ్ళెంలోకి వంచి అయస్కాంతం తిప్పాడు. బూడిదరంగు ముద్ద అంటితే మామూలు అరుగుదల. పెచ్చులు వస్తే పళ్ళు విరుగుతున్నట్టు. అప్పుడు మొత్తం పని తప్పకపోవచ్చు. పెచ్చులు లేవు. తర్వాత ఒక్కొక్క చక్రమే తిప్పి చూపించాడు. బేరింగు వదులై షాఫ్టు ఊగింది. ఆ ఊగుడుకు మూడో గేరు కొక్కేల అంచులూ, వాటిని పట్టే స్లీవూ గుండ్రపడ్డాయి. పట్టు లేక జారుతోంది. ఆ గేరును జతతో సహా మార్చాలట. కొత్త పళ్ళకూ పాత పళ్ళకూ పొసగదట. మిగతా గేర్లు నిక్షేపంలా ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు.

పాతసామాను కొట్లో ఇంకో గేరుబాక్సు 15,000కు దొరుకుతుందన్నారెవరో. “మీదాని జాతకం చూశాం. దాని జాతకం ఎవరికి తెలుసు?” అన్నాడు మేస్త్రి. పెట్టె పగిలినా, చాలా గేర్లు పోయినా ఆ దారి ఆలోచించవచ్చునట.

కూలి 5,500, బేరింగులూ సీళ్ళూ 6,500, గేరు జతా స్లీవూ 8,000, వెరసి 20,000. మొదటి 11,000 కలిపితే 31,000. ఆనాడే అతని మాట వింటే 17,500తో పోయేది. నా తెలివి ఖరీదు 13,500!

ఇంతకూ నేను నేర్చుకున్నది ఇదీ: కొంతా, మొత్తమా అన్నది విప్పకముందు తేల్చే సంగతి కాదు. దించడానికే సగం డబ్బయ్యేచోట, తక్కువ ఖరీదులో త్వరగా అరిగేవాటిని అప్పుడే మార్చాలి. ఖరీదైన గేర్లను కళ్ళతో చూశాకే మార్చాలి. తీసిన పాతసామాను అడిగి తెచ్చుకోవాలి. వీటన్నిటికంటే ముందు, చప్పుడు వినపడితే రేడియో కట్టెయ్యాలి.

మొన్న ఆదివారం అమ్మను ఎక్కించుకుని కరకట్ట మీద వస్తున్నాను. చాలాసేపు విని, “మీ కారు ఇప్పుడు మూలగడం లేదేమిరా?” అంది.

అంటే ఆవిడకు మొదటినుంచీ వినిపిస్తూనే ఉందన్నమాట!