ఆట ఎవరిది, ఫోన్ ఎవరిది

వీడియో గేముల తెర మీదికి స్త్రీ తొలిరోజుల్లో బందీగా వచ్చింది. 1981లో జపాన్ కంపెనీ నింటెండో విడుదల చేసిన డాంకీ కాంగ్‌లో ఒక పెద్ద కోతి ఒక యువతిని ఎత్తుకుపోయి ఇనుప దూలాల మీద కూర్చుంటుంది. ఆమెను విడిపించడమే ఆట. మొదట్లో ఆమెను ‘లేడీ’ అని మాత్రమే అనేవారు, పాలీన్ అన్న పేరు తర్వాత పెట్టారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో ఆ చోటికి రాకుమారి వచ్చింది. పాతాళభైరవి చూసిన తెలుగువాళ్లకు ఈ వరస కొత్తది కాదు. మాంత్రికుడు రాకుమారిని మాయం చేస్తాడు, తోటరాముడు వెళ్లి తెచ్చుకుంటాడు. అయితే సినిమాలో రాకుమారి ఇందుమతికి మాటలున్నాయి, పాటలున్నాయి, అలకలున్నాయి. గేమ్‌లోని రాకుమారికి ఆఖర్న మారియోకు కృతజ్ఞత చెప్పడం తప్ప వేరే పని లేదు.

1986లో వచ్చిన మెట్రాయిడ్ ఈ పద్ధతిని కొంత మార్చింది. ఆట పొడుగునా లోహ కవచంలో పోరాడిన సామస్ ఆరన్ స్త్రీ అని చివర్లో బయటపెట్టింది. కానీ ఆటగాడు ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలు మిగిలేలా ముగింపులు అమర్చారు. పోరాడి గెలిచింది ఆమె, బహుమానం మాత్రం ఆడినవాడికి! పదేళ్ల తర్వాత 1996లో వచ్చిన టూంబ్ రైడర్ నాయిక లారా క్రాఫ్ట్‌ది కూడా ఇలాంటి కథే. పాడుబడ్డ గుళ్లు, గోపురాలు ఒంటరిగా గాలించే పురావస్తు సాహసి ఆమె. ప్రకటనల్లో మాత్రం ఆ సాహసం కంటే ఆమె శరీరమే ఎక్కువగా అమ్ముడుపోయింది. 2013లో అదే నాయికను కొత్తగా మలిచిన గేమ్‌లో ఆమెకు దెబ్బలు తగిలాయి, భయం వేసింది, బట్టలు కూడా అడవిలో తిరిగే మనిషి వేసుకునేలా ఉన్నాయి. ఈ మార్పుకు పదిహేడేళ్లు పట్టింది.

ఆంధ్రదేశపు చిన్న పట్టణాలకు గేములు చేరింది నెట్ సెంటర్ల ద్వారా. నర్సీపట్నం లాంటి మన్యం ముఖద్వారపు ఊళ్లలో 2000 తర్వాత వెలిసిన ఆ ఇరుకు గదుల్లో గంటకు ఇంత అని కట్టి కుర్రాళ్లు ఆడినవి ఐజీఐ, కౌంటర్ స్ట్రైక్, జీటీఏ వైస్ సిటీ. 2002లో వచ్చిన వైస్ సిటీలో రోడ్డు మీద నిలబడిన వేశ్యను కారెక్కించుకుంటే ఆటగాడి ఆరోగ్యం పెరుగుతుంది, డబ్బు తగ్గుతుంది. ఆ తర్వాత ఆమెను చంపి ఆ డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అలా చేయమని గేమ్ చెప్పదు, చేస్తే కాదనదు. అమెరికాలో ఈ గేమ్ డబ్బా మీద పదిహేడేళ్లు నిండినవారికే అని రాసి ఉంటుంది. కాపీ సీడీకి ఆ డబ్బా ఉండదు, నెట్ సెంటర్‌లో వయసు అడిగేవారూ ఉండరు. ఆడపిల్లలు అక్కడికి వచ్చేది ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికో, హాల్‌టికెట్ తీసుకోవడానికో, అదీ అన్ననో నాన్ననో వెంటబెట్టుకుని. తెర మీద స్త్రీని ఎలా చూపించారన్న దాంతో పాటు ఆ తెర ముందు ఏ స్త్రీ కూర్చోలేదన్న సంగతీ లెక్కలోకి రావాలి.

గేములు మొదటినుంచీ మగవాళ్ల సొత్తు అన్న మాట నిజం కాదు. విమానం నడుపుతూ నది వెంట సాగే రివర్ రెయిడ్‌ను 1982లో రూపొందించింది కరోల్ షా. కింగ్స్ క్వెస్ట్ వరసకు 1984లో ప్రాణం పోసింది రాబర్టా విలియమ్స్. మగపిల్లలే కొంటారని కంపెనీలు నిశ్చయించుకుని ప్రకటనలన్నీ వాళ్లకే గురిపెట్టాక దుకాణంలో గేముల అర మగపిల్లల అర అయింది. ఇది వ్యాపారం చేసిన నిర్ణయమే కాబట్టి వ్యాపారమే మార్చగలదు కూడా.

ఈ సంగతి పైకి అన్నవాళ్లకు ఏం జరిగిందో చరిత్రలో ఉంది. అమెరికా విమర్శకురాలు అనితా సార్కీసియన్ గేముల్లో స్త్రీపాత్రల మూసలపై వీడియోలు చేస్తానని 2012లో చందాలు కోరగానే బెదిరింపులు మొదలయ్యాయి. 2014 ఆగస్టులో గేమర్‌గేట్ అన్న పేరుతో అది ఉద్యమ రూపం ఎత్తింది. గేమ్ రూపకర్త జోయీ క్విన్ వంటివారు ఇల్లు వదిలి తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సార్కీసియన్ మాట్లాడాల్సి ఉండగా కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం సభలోకి తుపాకులు రాకుండా ఆపలేమని తెలిసి ఆమె ప్రసంగం రద్దు చేసుకున్నారు. బొమ్మలాటలో ఆడవాళ్ల బట్టల గురించి మాట్లాడినందుకు తుపాకులదాకా వెళ్లిందంటే ఆ కోపం బొమ్మల గురించి మాత్రమే కాదని తెలుస్తూనే ఉంది.

తెర వెనక కార్యాలయాల సంగతి తర్వాత బయటపడింది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ తయారుచేసే రయట్ గేమ్స్ తన మహిళా ఉద్యోగుల వివక్ష కేసులో 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది. అదే ఏడాది జులైలో మరో గేమ్ కంపెనీ ఆక్టివిజన్ బ్లిజార్డ్‌పై వివక్ష, వేధింపుల ఆరోపణలతో కాలిఫోర్నియా ప్రభుత్వం దావా వేసింది. అది 2023 డిసెంబరులో సుమారు 5.4 కోట్ల డాలర్లతో ముగిసింది. జీతాలు, పదోన్నతుల్లో తేడాకు పరిహారం దక్కినా, వేధింపుల ఆరోపణలను మాత్రం న్యాయస్థానంలో తేలకుండానే ప్రభుత్వం ఉపసంహరించుకుంది. ఈ కంపెనీని 2023 అక్టోబరులో 6,870 కోట్ల డాలర్లకు కొన్న మైక్రోసాఫ్ట్‌కు అధిపతి హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. తెలుగువారు ఎంతో గర్వంగా చెప్పుకునే పేరు అది. జీతం పెంచమని ఆడవాళ్లు అడగకుండా వ్యవస్థను నమ్మితే మంచి కర్మ అవుతుందన్న అర్థంలో 2014లో మాట్లాడి, ఆ రోజే అది పూర్తిగా తప్పని ఒప్పుకున్నదీ ఆయనే. 2016లో గేమ్ రూపకర్తల సదస్సు సందర్భంగా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విందులో స్కూలు పిల్లల వేషంలో నర్తకీమణులను పెట్టి, మర్నాడు క్షమాపణ చెప్పారు. అధిపతి తెలుగువాడైనంత మాత్రాన ఆ చోటి అలవాట్లు మారవు.

తెలుగు నేల మీద తయారైన గేమ్‌లోనూ పాత మూసే దిగింది. 2008లో హిందీ గజినీ విడుదలైనప్పుడు ఆ సినిమా ఆధారంగా హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్‌ల్యాబ్స్ ఒక గేమ్ తయారుచేసింది. సినిమా నిర్మాణం వెనక తెలుగు సంస్థ గీతా ఆర్ట్స్ ఉంది. కథ అందరికీ తెలిసిందే. కల్పన హత్యకు గురవుతుంది, ఆమెను ప్రేమించినవాడు పగ తీర్చుకుంటాడు. సినిమాలో కల్పన నవ్వించి, అబద్ధాలాడి, పదిమందికి సాయం చేసి మనిషిగా గుర్తుండిపోతుంది. గేమ్‌లో ఆడాల్సింది పగ భాగమే కనుక ఆమె ఒక కారణంగా మిగిలిపోయింది. ఇది గేముల వాళ్లు మాత్రమే చేసిన పాపం కాదు. నర్సీపట్నం ప్రాంతంలో పెరిగిన దర్శకుడు పూరి జగన్నాథ్ తీసిన పోకిరిలో కూడా నాయిక చుట్టూ కథ నడిచేది ఆమెను వేధించే పోలీసు అధికారికీ, ఆమెను మెచ్చిన హీరోకూ మధ్యనే. గేములకు ఆ ముడిసరుకు సినిమా దగ్గర సిద్ధంగా దొరికింది.

2016లో చవక డేటా వచ్చాక నెట్ సెంటర్లు మూతపడి ఆట ఫోన్‌లోకి మారింది. పబ్‌జీని ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించేనాటికి అది మన్యంలోని చింతపల్లి ఘాట్ రోడ్డు దాకా చేరింది. దాని మారు రూపం బీజీఎంఐ 2021లో వచ్చింది. ఈ ఆటల్లో నలుగురు స్క్వాడ్‌గా కలిసి మైకులో మాట్లాడుకుంటారు. ఆడగొంతు వినగానే ‘నంబరివ్వు’ అనేవాడొకడు, ‘వంటింట్లోకి పో’ అనేవాడొకడు. అందుకే చాలామంది అమ్మాయిలు మగపేరు పెట్టుకుని మైకు ఆపి ఆడతారు. ఆటలో గెలవడానికి సహచరుడితో మాట్లాడక తప్పదు కనుక మైకు ఆపుకున్న అమ్మాయి సగం ఓడిపోయే ఆట మొదలుపెడుతుంది.

ఆ మాత్రం ఆడాలన్నా ముందు ఫోన్ చేతికి రావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో ఆ అంకెలు 26.5, 57.4. సొంతానికి వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సగానికి లోపే. 2024 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి దేశంలోని ఏడుగురు పేరున్న గేమర్లను కలిసినప్పుడు వారిలో స్త్రీ ఒక్క పాయల్ ధారేనే. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే కొడుకు ఆడుకుంటాడు, కూతురు హోంవర్కు అయ్యాక తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఏడుగురిలో స్త్రీ ఒక్కరే కావడానికి సగం కారణం ఈ ఇంట్లోనే ఉంది.

మూస తప్పించడం సాధ్యమేనని పక్కవాళ్లు చూపించారు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన రాజీలో రాక్షసులు ఎత్తుకుపోయింది తమ్ముణ్ణి, వెతుక్కుంటూ వెళ్లింది అక్క. టొరంటోలో తయారై 2023లో వచ్చిన వెన్బాలో నాయిక కెనడాకు వలసవెళ్లిన ఒక తమిళ తల్లి. అక్కడ గెలవాల్సింది యుద్ధం కాదు. తన తల్లి నాటి చిరిగిపోయిన వంటల పుస్తకం చూసి ఇడ్లీ సరిగ్గా కుదర్చాలి. ఆ గేమ్‌కు 2024లో బ్రిటన్ బాఫ్టా సంస్థ తొలి గేమ్‌కు ఇచ్చే పురస్కారం దక్కింది. ప్రవాసంలోని తెలుగు ఇళ్లలో ఇలాంటి కథలకు కొదవలేదు, గేములు రాయగల చేతులకూ కొదవలేదు.

ఉగాదికీ సంక్రాంతికీ పిల్లలకు గేమ్ పోటీలు పెట్టే తెలుగు సంఘాలు ఈ ఏడాది నుంచి మూడు పనులు చేయాలి. డబ్బా మీద రాసిన వయసు చూసి గేమ్ ఎంచాలి. మైకులో అమ్మాయిని కించపరిచినవాణ్ణి ఆ పూటకే పోటీ నుంచి తప్పించాలి. సొంత ఊరి బడికి ల్యాప్‌టాప్‌లు పంపితే, అది నర్సీపట్నమైనా మరెక్కడైనా, వాటిలో సగం ఆడపిల్లల చేతికి చేరాయో లేదో ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోవాలి.