ప్లేట్‌లెట్లు తగ్గాయా, ట్యూబులో గుంపు కట్టాయా?

వానలు తగ్గుముఖం పట్టే వేళకు ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్‌లలో డెంగీ భయం మొదలవుతుంది. 2015లో ఒక్క ఢిల్లీలోనే 15 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. జ్వరమనగానే ఇక్కడ అందరూ అడిగేది "ప్లేట్‌లెట్లు ఎన్ని?" అనే. ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. అడగాలంటాను నేను.

ఈ పరీక్షకు రక్తాన్ని ఊదారంగు మూత ట్యూబులో తీస్తారు. లోపల ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. ఈడీటీఏ అణువు కాల్షియం అయాన్‌ను పీత డెక్కలా ఒడిసిపట్టి వదలదు. అందుకే ఇలాంటి పదార్థాలకు డెక్క అనే గ్రీకు మాట నుంచి 'కీలేటింగ్ ఏజెంట్లు' అన్న పేరొచ్చింది. జీవశాస్త్ర ల్యాబుల్లో డీఎన్‌ఏను దాచే ద్రావణంలోనూ ఇదే కలుపుతారు. మెగ్నీషియాన్ని ఇది పట్టేసుకుంటే, డీఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు చాలావరకు పనిచేయలేవు.

అయితే కొందరి రక్తంలో ఈ మేలే చిక్కు తెస్తుంది. కాల్షియం పోగానే ప్లేట్‌లెట్ల పైనున్న ఒక ప్రొటీన్ రూపు మారుతుంది. వారి యాంటీబాడీలు దానికి అతుక్కుని ప్లేట్‌లెట్లను గుంపు కట్టిస్తాయి. ఇదంతా ట్యూబులోనే, ఒంట్లో కాదు. చాలా యంత్రాలు కణాలను సన్నని రంధ్రం గుండా పంపి, విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును బట్టి లెక్కిస్తాయి. పెద్ద గుంపును అవి ప్లేట్‌లెట్లుగా గుర్తించలేవు. రెండు లక్షలున్న మనిషికి 40 వేలే అని రిపోర్టు రావచ్చు.

ఇలా జరిగేది వెయ్యిమందిలో ఒకరిద్దరికే. కానీ డెంగీ రోజుల్లో పరీక్షలకు వచ్చే జనాన్ని తలచుకుంటే అది చిన్న సంఖ్య కాదు. సరిచూసే దారి కూడా సులువే. స్లైడు మీద రక్తపు చుక్కను పరిచి మైక్రోస్కోపులో చూస్తే గుంపులు కనిపిస్తాయి. అప్పుడు సిట్రేట్ ఉన్న నీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కించి, ఆ ద్రవం వల్ల పలచబడినందుకు 1.1తో గుణిస్తే చాలామందిలో అసలు అంకె తెలుస్తుంది.

డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి. కాబట్టి తక్కువ అంకెను కొట్టిపారేయకూడదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం ఉంటే అంకెతో పనిలేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నేను కోరేది ఒక్కటే: తక్కువ అంకె ఉన్న ప్రతి రిపోర్టులో "స్లైడు చూశాం, గుంపులు లేవు" అనో "ఉన్నాయి" అనో ఒక వాక్యం రాయాలి. కొలిచే సాధనమే కొలతను మార్చేయవచ్చని ఫిజిక్స్ ల్యాబులో మాకు మొదట్లోనే నేర్పారు. రక్తపరీక్షకూ అదే జాగ్రత్త అవసరం.