వీధి బొమ్మను ఉన్నదున్నట్లే పూర్తి చేయాలి

కోనసీమలోని ఒక లంక గ్రామంలో డ్రాయింగు మాస్టారి ఇంట నీటిరంగుల బొమ్మ ఒకటి ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. 1986 వేసవిలో ఆయన తమ ఊరి నడివీధిని గీయడం మొదలుపెట్టారు. ఆకాశం, రావిచెట్టు, ఎడమవైపు పెంకుటిళ్లకు రంగులు పడ్డాయి. కుడివైపు ఇళ్లు, నూతి దగ్గర జనం మాత్రం పెన్సిలు గీతల్లోనే మిగిలారు. ఆ ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరద అది. కుడివైపు మట్టిగోడల ఇళ్లు కూలిపోయాయి. మాస్టారు కుంచె పక్కన పెట్టేశారు.

రిటైరై చాలాకాలమైన మాస్టారు ఇప్పుడు ఆ బొమ్మను పూర్తి చేయాలని సంకల్పించారు. సంగతి తెలిసి గ్రామస్తులు తలో మాట అంటున్నారు. కూలిన ఇళ్ల చోట నేటి డాబాలు వేయమని కొందరి సలహా. నూతికి దూరంగా బిందెలతో నిలబడిన ఆడవాళ్ల గీతలు చెరిపేయమని మరికొందరి సలహా. వారు పేట నుండి వచ్చి, ఎవరైనా నీళ్లు తోడి పోస్తారేమోనని ఎదురుచూస్తున్న వారు. ఆ పాత సంగతులు ఇప్పుడెందుకు, ఊరికి చెడ్డపేరని వీరి వాదన.

ఈ సలహాలు సమంజసం కావు. డాబాలు చూడాలంటే వీధిలోకి వస్తే చాలు. పోయిన వీధికి ఆ ఊళ్లో మిగిలిన ఆనవాలు ఈ కాగితమే. నూతి దగ్గర పడిగాపులు కూడా ఆ వీధిలోవే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. 36 ఏళ్లు గడిచినా ఆ బిందెలు దూరంగానే ఉన్నాయి. అరుగులను ముచ్చటగా వేసి బిందెలను దాచిపెడితే అది సగం ఊరి బొమ్మే అవుతుంది.

పని కూడా అనుకున్నంత సులువు కాదు. నీటిరంగుల్లో ముందు లేత రంగు, తరువాత ముదురు రంగు వేయాలి. తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలేయాలి. తప్పు పడితే దిద్దడం కష్టం. పైగా చెమ్మ తగిలిన పాత కాగితం బ్లాటింగు కాగితంలా రంగును పీల్చేస్తుంది. ముందుగా అంచున వేసి చూసుకోవాలి. కనుక కుంచె పట్టకముందే ఏ అరుగు ఎంత ఎత్తో, ఏ స్తంభం ఎక్కడో తేల్చుకోవలసి ఉంది.

ఇది మాస్టారు ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఆనాటి వీధిని ఎరిగిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఉన్నవారు ముందుకు వచ్చి చెప్పాలి. నూతి దగ్గర ఎదురుచూసిన పేట ఆడవాళ్లు కొందరు నేటికీ ఉన్నారు. ఎక్కడ నిలబడేవారో, ఎంతసేపు నిలబడేవారో వారినే అడగాలి. తమ చీర రంగు ఏమిటో వారే చెప్పాలి. ఎవరికీ గుర్తులేని చోట పెన్సిలు గీతను అలాగే ఉంచినా తప్పులేదు.

పూర్తయ్యాక బొమ్మకు అద్దం కట్టించి, ఊరి బడిలో ఎండ తగలని గోడకు తగిలించాలి. పిల్లలు ఆ బిందెల సంగతి తప్పక అడుగుతారు. జవాబు చెప్పడానికి పెద్దలు ఇప్పటినుంచే సిద్ధపడాలి.