గోక్కునే కుక్కను కసరకండి

గత వానాకాలం ఖానాపూర్‌లో మా ఇంటి కుక్క రాత్రంతా గోక్కుంటూ ఉండేది. మాకు నిద్ర లేక దాన్ని కసిరి బయట కట్టేశాము. తోక మొదట్లో వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. "గజ్జి పట్టింది. కాలిన ఇంజనాయిలు పూయండి, లేదా గోదావరి అవతల వదిలేయండి" అన్నారు ఇరుగుపొరుగువారు. పిల్లలు ఏడ్వగా పశువుల దవాఖానకు తీసుకువెళ్లాము.

డాక్టరుగారు వెంట్రుకలు పాయతీసి మిరియాల పొడివంటి నల్లని నలుసులు చూపారు. తడిదూదిపై పెడితే అవి ఎర్రబడ్డాయి. గెంతే పేల రెట్ట అది! పేను ఉమ్మి పడని కుక్కకు కొద్ది కాట్లకే విపరీతమైన దురద పుడుతుందట. పేల గుడ్లు గోనెలో, నేల పగుళ్లలో ఉంటాయి గనుక కుక్కకు మాత్రమే మందు వేస్తే చాలదు. గోనెను వేడినీళ్లలో ఉతికి, ఇల్లు మూలమూలలా రోజూ ఊడ్చాము.

గజ్జి అయితే సాధారణంగా చెవి అంచులు, మోచేతులు పొక్కుతాయి. దానికి చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి. అది మనకూ దురద తెస్తుంది. ఇంజనాయిలు మాత్రం పూయకండి, కుక్క నాకితే విషమే. మనం మింగే మాత్రలు కూడా డాక్టరు చెప్పనిదే వేయకూడదు.

కొన్ని వారాలకు వెంట్రుకలు మొలిచాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం పిల్లలే దువ్వెన పట్టి వెదుకుతున్నారు. కుక్క మళ్లీ మా గడపలోనే పడుకుంటోంది.