బెర్లిన్ శరణార్థి దాచిన మన పేకముక్కలు

మన చిల్లకూరు పక్కనే గూడూరు. అభ్రకం గనుల వల్ల ఒకప్పుడు ఈ సీమ పేరు ఐరోపా వర్తకుల నోళ్లలో నానింది. భూగర్భ శాస్త్రం చదివిన జర్మన్ యువకుడు 1933లో బొంబాయిలో ఓడ దిగాడంటే, మనవాళ్లు అభ్రకం కోసమే వచ్చాడనుకునేవారు. రూడాల్ఫ్ వాన్ లేడెన్ వచ్చింది మాత్రం ప్రాణం దక్కించుకోవడానికి.

1908లో బెర్లిన్‌లో పుట్టాడాయన. యూదు మూలాలున్న కుటుంబం, పైగా విద్యార్థి రోజుల్లోనే వామపక్ష రాజకీయం. హిట్లర్ గద్దెనెక్కాక దేశం విడవడానికి ఈ రెండింట్లో ఏ ఒక్కటైనా చాలు. చదివిన చదువు బొంబాయిలో అక్కరకు రాలేదు. ప్రకటనల బొమ్మలు వేశాడు, 'డెన్లీ' పేరుతో కార్టూన్లు గీశాడు, టైమ్స్ ఆఫ్ ఇండియాలో చిత్రకళా విమర్శ రాశాడు. ఆ తర్వాత వోల్కార్ట్ బ్రదర్స్, వోల్టాస్ కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేశాడు.

ఆయన వల్ల మేలు పొందినవాళ్లలో మన గడ్డమీద పుట్టినవాడు ఒకడున్నాడు. సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో 1914లో పుట్టిన కె.హెచ్. ఆరా. పసితనంలోనే ఇల్లు విడిచి బొంబాయి చేరి, ఇళ్లలో పనిచేస్తూ, కార్లు కడుగుతూ బొమ్మలు వేసుకునేవాడు. ఆ బొమ్మల్ని గుర్తించి, చిత్రకళ నేర్చుకొమ్మని ప్రోత్సహించింది లేడెన్. 1947లో సూజా, రజా, హుసేన్‌లతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టినవాళ్లలో ఆరా ఒకడు. ఆ బృందం బొమ్మలు కొని ఆదుకున్న ఇమాన్యుయెల్ ష్లెసింగర్ కూడా వియన్నా నుంచి వచ్చిన యూదు శరణార్థే. బొంబాయిలో మందుల వ్యాపారం చేసేవాడు.

అయితే లేడెన్ మనసు పడింది గంజిఫా మీద. చేతితో రంగులద్దిన గుండ్రని పేకముక్కలవి. మొగలు ఆటకు తొంభై ఆరు ముక్కలు, దశావతార ఆటకు నూట ఇరవై. అవతారానికి పన్నెండేసి. ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి గుర్తు. అంకె ముక్కల్లో సగం రంగులకు పది పెద్దదైతే, మిగతా సగానికి ఒకటి పెద్దది. ఈ తిరగమరగ గుర్తుంచుకోలేనివాడు ఆటలో నిలవలేడు. నిర్మల్‌లోనూ, కర్నూలు సీమలోని నొస్సంలోనూ ఈ ముక్కలు తయారయ్యేవి. అచ్చుయంత్రం మీద చవకగా వచ్చిన పేక దెబ్బకి వీటిని అడిగేవాళ్లు తగ్గిపోయారు.

లేడెన్ వాటిని ఏళ్ల తరబడి సేకరించాడు. పోగుచేసి బీరువాలో పెట్టుకోలేదు. గుర్తులేమిటో, ఆట ఎలా సాగుతుందో, ఎక్కడి పనితనం ఎలా ఉంటుందో పరిశీలించి రాశాడు. మైసూరు పేక అయిన 'చాద్' ముక్కల మీద 1973లో పుస్తకం వేశాడు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణకు 1982లో ఆయన చేసిన సమగ్ర పట్టిక ఈ విషయంలో నేటికీ ఆధారం. మరుసటి ఏడాదే కన్నుమూశాడు. సేకరణ అంటే ఇదీ అని మా నమ్మకం. వస్తువుతోపాటు దాని వెనకున్న తెలివిని కూడా కాపాడినవాడే సేకర్త. డబ్బుతో కొనేవాళ్లు మనకూ ఉన్నారు, ఇంత ఓపికగా రాసినవాళ్లు తక్కువ.

సొంత ఊరు వదిలి పారిపోయి వచ్చినవాడికి కనిపించిన విలువ, ఇక్కడే పుట్టి పెరిగిన మనకు కనిపించకపోవడం బాధగా ఉంది. తెలుగు నేల మీద ఈ ఆట ఆడినవాళ్ల మాటలు, లెక్కలు, పందేల పద్ధతులు పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా ఎక్కడో మిగిలి ఉండవచ్చు. రాసిపెట్టేవాళ్లు కావాలి.

పాఠకులకు మా మనవి ఒకటే. మీ అటక మీదో, తాతగారి భోషాణంలోనో గుండ్రని రంగుల ముక్కలు దొరికితే పాత సామాన్ల బండికి వేయకండి. ఫొటోలు తీయండి, ఆడిన పెద్దలుంటే ఆట అడిగి రాసుకోండి, మాకు పంపండి. ఈ పత్రికలో అచ్చు వేస్తాం.