ఉర్లా కాటా గది నుంచి ఒక ఉత్తరం

కేంద్ర రైల్వే, ఎలక్ట్రానిక్స్–ఐటీ శాఖల మంత్రి
శ్రీ అశ్విని వైష్ణవ్ గారికి,



రాయ్‌పూర్ పక్కన ఉర్లా పారిశ్రామికవాడలో ఒక రోలింగ్ మిల్లు కాటా మీద గుమాస్తాని నేను. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, సరుకు దింపి వెళ్లేటప్పుడు ఒకసారి తూచి, చీటీ కొట్టి డ్రైవరు చేతికివ్వడం నా పని. మా నాన్నగారు రాయ్‌పూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లా నుంచి బయల్దేరి విజయనగరం, పార్వతీపురం, రాయగడ మీదుగా రైల్లో ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్లం. రైళ్లు మీ శాఖే, ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల చట్టం కూడా మీ శాఖదే. మా ఇంటికి అన్నం పెట్టిందొకటి, నేను డబ్బు పోగొట్టుకున్న ఆటను ఆపాల్సింది ఇంకొకటి. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

నేను చెప్పదలిచింది బింగో గురించి. మా రైల్వే కాలనీలో దాన్ని తంబోలా అనేవాళ్లం, కొందరు హౌసీ అనేవారు. సంక్రాంతికో ఉగాదికో తెలుగువాళ్లందరం ఒకచోట చేరితే భోజనాలయ్యాక ఆ ఆట ఉండాల్సిందే. అట్ట టికెట్టు. మూడు వరసలు, వరసకు అయిదు చొప్పున పదిహేను అంకెలు. 1 నుంచి 90 దాకా రాసిన చెక్కబిళ్లలు గుడ్డసంచిలో ఉండేవి. నాన్నగారు సంచి బాగా కుదిపి, ఒక్కో బిళ్ల తీసి, ముందు తెలుగులో, పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ల కోసం మళ్లీ హిందీలో చదివేవారు. మేం ఆ అంకె మీద చింతపిక్క పెట్టుకునేవాళ్లం. టికెట్టు రెండు రూపాయలు. వసూలైన డబ్బు అందరికీ కనిపించేట్టు నడిమధ్య స్టీలు గిన్నెలో ఉండేది. ముందు అయిదంకెలు కొట్టినవారికింత, పై వరసకింత, ఫుల్ హౌస్‌కింత అని ఆట మొదలవకముందే పంపకం చెప్పేసేవారు. అరవై టికెట్లు పోతే నూట ఇరవై రూపాయలు. ఆట ముగిసేసరికి గిన్నె ఖాళీ. ఆ నూట ఇరవై ఆ గదిలోనే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేది, గడప దాటేది కాదు.

పద్నాలుగు పిక్కలు పెట్టి, మిగిలిన ఒక్క అంకె కోసం ఊపిరి బిగబట్టి కూర్చోవడం నాకు బాగా గుర్తు. నలభై ఏడు, నలభై ఏడు అని మనసులో జపిస్తుంటే వెనక నుంచి ఏ పిన్నో "హౌస్!" అని కేకేసేది. అయ్యో అని తలెత్తి చూస్తే పక్కన మామయ్యకీ ఒక్క అంకే మిగిలుండేది, గుమ్మం దగ్గర కూర్చున్న తాతగారికి రెండు. అందరి నోటా ఒకేసారి "అయ్యో". దాంతో నా "అయ్యో" తేలికైపోయేది. పిక్కలు దులిపేసి పాయసం గిన్నె అందుకునేవాణ్ని.

గత చలికాలంలో ఒక రాత్రి డ్యూటీలో ఫోనుకి ఒక లింకు వచ్చింది. పంపింది తెలిసిన లారీ డ్రైవరే. పాపం అతనికీ ఎవరో పంపారు. "బింగో, కొత్త రకం" అని ఉంది. చిన్నప్పటి ఆట కదా అనుకున్నాను. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా కాటా మీదికి లారీలు తక్కువ. చలి మంట దగ్గరికి వెళ్తే కుర్చీ వదలాలి. కుర్చీలోనే కూర్చుని రెండు వందలు వేశాను.

ఆ ఆట ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మీ కార్యాలయంలో చట్టం రాసినవాళ్లు కూడా ఒక గుమాస్తా అరచేతిలో అది ఎలా కనిపిస్తుందో చూడాలని నా కోరిక. తెర మీద అయిదు అడ్డ వరసలు, అయిదు నిలువు వరసలు, ఇరవై అయిదు గళ్లు. కింద అయిదు చక్రాలు గిర్రున తిరిగి ఆగుతాయి. ప్రతి చక్రం తన పైనున్న నిలువు వరసకు ఒక అంకె ఇస్తుంది. అది మన గళ్లలో ఉంటే బంగారు రంగుతో వెలుగుతుంది. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మూలల మీదుగా రెండు, కలిపి పన్నెండు గీతలు. ఎన్ని గీతలు నిండితే అంత డబ్బు. స్లాట్ మెషీన్‌నీ బింగోనీ కలిపి 1994లో న్యూజెర్సీలో స్లింగో అనే ఆట తయారుచేశారు. నేనాడినది దానికి ఎవరో చేసిన నకలు.

పట్టు ఉన్నది ఆఖర్లో. ఆట మొదట్లో ఇచ్చిన తిప్పులన్నీ అయిపోయాక చక్రాలు ఆగుతాయి. అప్పుడు ఒక బటన్ వెలుగుతుంది, ఇంకో తిప్పు కొనుక్కోమని. నాకు నిండాల్సిన గీతలు దూరంగా ఉంటే దాని ధర పన్నెండు రూపాయలు. రెండు గీతలు ఒక్కో గడి దగ్గర ఆగి ఉంటే అదే తిప్పు అరవై. ఒకసారి మూడు గీతలు ఒకే ఒక్క గడి కోసం ఆగాయి. ధర నూట ఎనభై అయింది. నేను ఎంత దగ్గర్లో ఉన్నానో నాకంటే ముందు ఆ యంత్రానికి తెలుసు. నా ఆశకు అది ధర కట్టి నాకే అమ్మింది. కాలనీలో మామయ్య ఒక్క అంకె దగ్గర ఆగినప్పుడు నాన్నగారు "ఇంకో బిళ్ల తీస్తాను, పది రూపాయలివ్వు" అని ఏనాడూ అనలేదు.

మొదటి రాత్రి ఆరు వందల నలభై గెలిచాను. అడగ్గానే ఖాతాలో పడింది. ఆ తర్వాత పడింది ఏమీ లేదు. పదకొండు రాత్రుల్లో పదిహేడు సార్లు డబ్బు వేశాను, మొత్తం 13,600. అందులో తిరిగొచ్చింది ఆ 640 ఒక్కటే. మధ్యలో మూడు వేల పైచిలుకు గెలిచినట్టు తెర మీద కనిపించింది. తీసుకోబోతే, ముందు ఇంకో రెండు వేలు వేస్తేనే ఖాతా తెరుచుకుంటుందన్నారు. వేశాను. తెరుచుకోలేదు. పాప స్కూలు ఫీజుకని పక్కన పెట్టిన డబ్బులోంచి వేశానని ఇంట్లో చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

బీకాం చదివాను. తర్వాత ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. మా పాత తంబోలాలో 90 అంకెల్లో సగం, అంటే 45 పిలిచేసరికి ఒక టికెట్టు పూర్తిగా నిండే అవకాశం సుమారు 1,30,000లో ఒకటి. అరవై టికెట్ల గదిలో ఎవరో ఒకరికి హౌస్ పడేది ఇంచుమించు డెబ్భయ్యో అంకె దగ్గర. ఆ క్షణాన సుమారు అయిదు టికెట్లు ఒక్క అంకె కోసం, ఇంకో పన్నెండు రెండంకెల కోసం ఆగి ఉంటాయి. అంటే ఒక్క అంకెలో తప్పిపోవడమన్నది ఆ ఆట స్వభావమే. గదిలో అయితే అది కళ్లకు కనిపిస్తుంది. ఫోన్లో ఆ మిగతావాళ్లు కనిపించరు. తప్పిపోయింది నాకొక్కడికే అనిపిస్తుంది, ఈసారి తప్పదనిపిస్తుంది. రాత్రి మూడింటికి ఒంటరిగా కూర్చున్న మనిషికి ఆ భ్రమ ఎంత బలంగా ఉంటుందో నేను చూశాను.

అయ్యా, మా కాటాకి తూనికలు కొలతల శాఖవారు ఏటా వచ్చి, తూకం రాళ్లు పెట్టి చూసి ముద్ర వేసి వెళ్తారు. ఎర్ర అంకెల బోర్డు ఒకటి నా ముందుంటే ఇంకొకటి డ్రైవరుకి కనిపించేట్టు కిటికీ బయట ఉంటుంది. అనుమానమొస్తే లారీని మళ్లీ ఎక్కించి చూపిస్తాను. ధరమ్‌కాంటా, అంటే ధర్మకాటా అని ఇక్కడివాళ్లు దీన్ని ఊరికే అనరు. ఇనుప తుక్కు తూచే చోట ఇంత కాపలా పెట్టిన దేశంలో, నా జీతంలో సగం పైన మింగిన ఆ చక్రాలను ఎవరూ ఒక్కసారైనా తూచి చూడలేదు.

మీరు చట్టం తెచ్చారు. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం అయింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న పాత తగాదాను పక్కకు నెట్టి, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఏ ఆన్‌లైన్ ఆటైనా నిషిద్ధమే అన్నారు. ఆ తగాదా మా తెలుగువాళ్లకు బాగా తెలుసు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు అన్న మాటను పట్టుకునే ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్ల తరబడి వ్యాపారం చేశాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆ తలుపు మూశాయి. బింగోకి ఆ వంక కూడా లేదు. అందులో ఆడేవాడు చేసేదంటూ ఏమీ లేదు. మీ చట్టం రాగానే పేరున్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ మేలు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. 45 కోట్ల మంది దెబ్బతిన్నారని, ఏటా 20,000 కోట్లకు పైగా పోతోందని ప్రభుత్వమే అప్పుడు అంచనా చెప్పింది.

నాకు లింకు వచ్చింది ఆ చట్టం వచ్చాకే.

పేరున్న కంపెనీ ఆపేసిన చోట పేరులేనివాడు వచ్చి కూర్చున్నాడు. దీని గురించి మా ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న భిలాయి ఉక్కుతో పేరు తెచ్చుకున్న ఊరు. మహాదేవ్ బెట్టింగ్ యాప్ కేసుతో ఆ ఊరి పేరు దేశమంతా ఇంకో రకంగా వినబడింది. ఈడీ అడిగిన మీదట 2023 నవంబరు 5న మీ శాఖే ఆ యాప్‌తో కలిపి 22 యాప్‌లను, సైట్లను మూసేసింది. ఒకటి మూస్తే అదే ఆట ఇంకో పేరుతో, ఇంకో లింకుతో తెల్లారేసరికి తెరుచుకుంటోంది. కాబట్టి లింకు వెంట పరిగెత్తితే సరిపోదు, డబ్బు వెంట వెళ్లాలి. డబ్బు దారి చూసినవాళ్లు ఆడి పోగొట్టుకున్నవాళ్లే.

నేను పదిహేడు సార్లు డబ్బు వేస్తే, అది అందుకున్నట్టు తొమ్మిది పేర్లు కనిపించాయి. ఒకసారి ఏదో దర్జీ దుకాణం, ఒకసారి కిరాణా కొట్టు, ఒకసారి ఎవరో ఆడమనిషి పేరు. ఆటగాడి డబ్బు దర్జీ ఖాతాలోకి ఎందుకు వెళ్తుంది? మా మిల్లు వెనక గదుల్లో ఉండే ఒక హెల్పరు కుర్రాడిని నెలకు నాలుగు వేలిస్తాం, నీ బ్యాంకు ఖాతా, సిమ్ము, ఏటీఎం కార్డు ఇవ్వమని ఎవరో అడిగారు. వాడు నా దగ్గరికొచ్చి ఇవ్వొచ్చా అన్నాడు. అప్పుడర్థమైంది నాకు ఆ తొమ్మిది పేర్లు ఎవరివో. నాలాంటివాడి డబ్బు వాడిలాంటివాడి ఖాతాలోంచి దాటిపోతోంది. పోలీసులు వస్తే దొరికేది ఆ కుర్రాడే.

మరి నేను ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదంటారా? సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యొచ్చని తెలుసు. రెండుసార్లు అంకెలు నొక్కి ఆపేశాను. మీ చట్టంలో శిక్షలు ఆట నడిపేవాడికి, ప్రకటన ఇచ్చేవాడికి, డబ్బు దాటించేవాడికి. ఆడినవాడు బాధితుడే, నేరస్తుడు కాదని ప్రభుత్వమే అప్పట్లో చెప్పింది. కానీ మా రాష్ట్రానికి వేరే జూద నిషేధ చట్టం ఉంది, ఆన్‌లైన్ జూదానికి అందులో జైలుశిక్ష ఉంది. ఒక చట్టం బాధితుడివి రమ్మంటోంది, ఇంకో చట్టం ముద్దాయివేమో చూసుకో అంటోంది. రెండింటి మధ్య నిలబడ్డ గుమాస్తా నోరు మూసుకుంటాడు. ఆటలు నడిపేవాళ్లకు కావలసింది ఆ మౌనమే.

నా విన్నపం ఇక్కడే. పోగొట్టుకున్నవాడు తానంతట తాను వచ్చి చెబితే అతని మీద ఏ చట్టం కిందా కేసు ఉండదని కేంద్రం, రాష్ట్రం కలిసి ఒకే మాటగా రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ మాట ఇంగ్లీషు గెజిట్లో ఉండిపోతే మాకు చేరదు. ఉర్లా, సిల్తరా మిల్లుల గేట్ల దగ్గర హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు భాషల్లో బోర్డులు పెట్టించండి. జీతం పంచే రోజున పెడితే ఇంకా మంచిది, లింకులు ఎక్కువగా వచ్చేది ఆ రోజే. ఖాతా అద్దెకివ్వడం ఎంత పెద్ద నేరంలోకి దింపుతుందో కూడా అదే బోర్డు మీద రాయించండి. ఆ హెల్పరుకి నేను చెప్పగలిగాను కాబట్టి ఆగాడు. పక్క మిల్లులో వాడికి ఎవరు చెబుతారు?

ఇంకొకటి. బింగోని చట్టబద్ధంగా ఆడనిచ్చే బ్రిటన్‌లో కూడా 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదమాడడాన్ని ఆపేశారు. అప్పు తెచ్చి ఆడేవాడు ఎక్కడా ఆగడని వాళ్లకు తెలిసింది. ఇక్కడ నా ఆట తెరలోనే, డబ్బు అయిపోగానే, కింద అప్పు ఇచ్చే యాప్ ప్రకటన కనిపించేది. ఆ ఆటనీ ఈ అప్పునీ కలిపే దారం ఎవరి చేతిలో ఉందో మీ అధికారులు పట్టుకోవాలి. నిద్రపట్టని రాత్రుల్లో నేను మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాను. అవతల ఉన్నావిడ నన్ను ఏమీ అనలేదు, ఓపిగ్గా విన్నారు. మీ బోర్డు మీద ఆ నంబరు కూడా ఉండాలి.

నాన్నగారి గుడ్డసంచి ఇంకా మా ఇంట్లో ఉంది. బిళ్లల్లో రెండు పోయాయి. ఈ ఉగాదికి అట్టముక్కలు కత్తిరించి ఆ రెండూ నేనే రాశాను. పాప పిలిచింది, మేం పిక్కలు పెట్టాం.

నా ఫోన్లో ఆ పదిహేడు చెల్లింపుల చీటీలు, తొమ్మిది పేర్లు, తేదీ, సమయంతో సహా ఉన్నాయి. ఒక్కటి కూడా చెరపలేదు. కాటా గుమాస్తాని కదా, చీటీ పారేసే అలవాటు లేదు. మీ శాఖ నుంచి ఎవరైనా వచ్చి అడిగితే చేతికిస్తాను. రాత్రి డ్యూటీలో రెండు నుంచి నాలుగు దాకా ఖాళీగానే ఉంటాను.

ఇట్లు,
ఉర్లా పారిశ్రామికవాడ నుంచి
ఒక కాటా గుమాస్తా